గడ్డపార దిగకముందే చూడండి

గౌరవనీయులైన తెలంగాణ పురపాలక శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,



పందొమ్మిదేళ్లుగా రోడ్ల మీద రాడార్ బండి తోస్తున్నవాణ్ణి. ఆ పని మీద అన్నం తింటున్నవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరాన్ని నా వ్యాపారం కోసం రాశాననుకునే వీలుంది. అందుకే ముందే చెబుతున్నాను: నేను అడగబోయేది ఎవరికీ కొత్త యంత్రం కొనిపెట్టమని కాదు. ఇప్పటికే కొన్న యంత్రాలు, ఇప్పటికే చేయించిన సర్వేలు, ఇప్పటికే కట్టిన బిల్లులు నగరానికి పనికొచ్చేలా చూడమని.

రాత్రి పన్నెండు దాటి వాహనాలు పలచబడ్డాక మా పని మొదలవుతుంది. నాలుగు చక్రాల చిన్న బండి. కింద నేలకు ఆనీ ఆననట్టు ఒక పెట్టె, పైన చిన్న తెర. రోడ్డుకు అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచుకు తోస్తాం. మీటరు జరిగి మళ్లీ తోస్తాం. అంతే పని. దారిన పోయేవాళ్లు ఆగి లంకెబిందెల కోసమా అని అడుగుతారు. మీ ఇంటి మంచినీళ్ల పైపు కోసం అంటే నమ్మరు. పైపు ఎక్కడుందో వేసినవాళ్లకు తెలియదా అంటారు. ఆ ప్రశ్నకు ఇన్నేళ్లలో నేను సరైన జవాబు చెప్పలేకపోయాను.

జీపీఆర్ అని మేమందరం పిలిచే ఈ రాడార్ పనిచేసే తీరు బావిలో అరిచి ప్రతిధ్వని వినడం లాంటిది. పెట్టెలోంచి రేడియో తరంగం నేలలోకి దిగుతుంది. ఒక రకం పదార్థం అయిపోయి ఇంకో రకం మొదలైన ప్రతిచోటా అందులో కొంత వెనక్కి తిరుగుతుంది. అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని యంత్రం లెక్కపెడుతుంది. సెకనులో వందకోటో వంతును నానోసెకను అంటారు. గాలిలో ఆ తరంగం నానోసెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది. పొడి మొరం నేలలో సుమారు 10 సెంటీమీటర్లు. నీళ్లలో మూడు, మూడున్నర మించదు. పోయిరావడానికి 20 నానోసెకన్లు పడితే, మొరంలో ఆ వస్తువు మీటరు లోతున ఉన్నట్టు.

పైపు మీదుగా బండి వెళ్తే తెర మీద పైపు కనపడదు. బోర్లించిన మూకుడు అంచులాంటి వంపు కనపడుతుంది. తరంగం సన్నటి గీతలా కాకుండా వెడల్పుగా విచ్చుకుని దిగుతుంది కాబట్టి, పైపు ఇంకా రెండడుగుల అవతల ఉండగానే దాని జాడ తగులుతుంది. అప్పుడు దూరం ఎక్కువ. దగ్గరవుతున్నకొద్దీ తగ్గుతుంది, సరిగ్గా పైకి వచ్చినప్పుడు అన్నింటికంటే తక్కువ, దాటాక మళ్లీ పెరుగుతుంది. మా కుర్రాళ్లు దాన్ని గొడుగు అంటారు. “సార్, గొడుగు పడింది” అని చీకట్లో కేక వేస్తే అందరం తెర మీదికి వంగుతాం. గొడుగు కొస ఎక్కడుందో పైపు అక్కడుంది. గొడుగు అంచులు ఎంత వాలుగా ఉన్నాయో చూసి ఆ నేలలో తరంగం వేగమెంతో కట్టుకుంటాం. ఆ వేగం తప్పు కడితే లోతు తప్పుతుంది. వేసవిలో మీటరు లోతున చూపిన పైపు, బాగా తడిసిన వానాకాలపు నేలలో లెక్క మార్చకపోతే మీటరూ ముప్పై సెంటీమీటర్ల దగ్గర కనపడుతుంది. పైపు జరగలేదు. నేల నానింది.

ఎనిమిదేళ్ల కిందటి సంగతి ఒకటి చెప్పాలి. నగరంలో ఒక పాత బస్తీ, పన్నెండడుగుల సందు. పేరెందుకులెండి. కొత్త లైను వేయడానికని ఒక సంస్థ మా చేత సర్వే చేయించింది. తెర మీద మూడు గొడుగులు పడ్డాయి. 60 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, దానికి జానెడు పక్కన 85 దగ్గర ఇంకొకటి, అడుగున వెడల్పాటిది ఒకటి. మంచినీళ్ల పైపూ మురుగు పైపూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి. మంచినీళ్లకు నీలం, మురుగుకు ఆకుపచ్చ రంగుతో గీతలు గీశాం. రిపోర్టు ఇచ్చాం. బిల్లు వచ్చింది. నాలుగు నెలలకు ఇంకో సంస్థ అదే సందులో కేబుల్ వేయడానికి వచ్చింది. మా రిపోర్టు ఒకటి ఉందని వాళ్లకు తెలియదు. రంగు గీతలు వానకు ఎప్పుడో పోయాయి. రోడ్డు తవ్వకుండా కింద నుంచి అడ్డంగా తొలిచే యంత్రం రెండు పైపులనూ ఒకేసారి చీల్చింది. పైకి ఏమీ తెలియలేదు, ఎందుకంటే పైన తవ్విందే లేదు.

మన ఊళ్లలో మంచినీళ్లు రోజంతా రావు. నీళ్లు వదిలినప్పుడు పైపు బయటికి కక్కుతుంది. కట్టేశాక లోపల ఒత్తిడి పడిపోయి, చుట్టూ ఉన్న తడిని పగుళ్లలోంచి లోపలికి పీల్చుకుంటుంది. అక్కడ చుట్టూ ఉన్న తడి మురుగు. మూడో రోజుకు సందులో వాంతులు, విరేచనాలు. నాకు విషయం తెలిసి వెళ్లేసరికి ఒక అరుగు మీద పెద్దావిడ స్టీలు బిందె పెట్టుకుని కూర్చుంది. బిందె వంచి అడుగున ఉన్న నల్లటి మడ్డి చూపించింది. దోసిట్లో కాసిన్ని పోసి, “వాసన చూడు నాయనా” అంది. ఆ నీళ్లు నా వేళ్ల సందుల్లోంచి కారుతుంటే, సరిగ్గా ఆ పైపుల లోతు సెంటీమీటర్లతో సహా నాకు తెలుసన్న సంగతి గుర్తొచ్చింది. ఆ వివరం నా సంచిలో కంప్యూటరులో ఉంది. తవ్వినవాడి చేతిలో లేదు.

అందుకే ఈ ఉత్తరం. నేల కింద ఉన్నదాన్ని చూసే సాధనం మనకు ఎప్పుడో వచ్చింది. చూసినదాన్ని దాచి, తరవాత వచ్చేవాడికి చేర్చే ఏర్పాటే రాలేదు. ఇక రాడార్‌ను మనం పిలిచేది ఎక్కువగా ప్రమాదం జరిగాకే.

2024 ఆగస్టు 23న కౌలాలంపూర్‌లో మస్జిద్ ఇండియా వీధిలో కాలిబాట కుంగి, మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక మహిళ ఎనిమిది మీటర్ల గుంతలో పడిపోయింది. తొమ్మిది రోజులు వెతికారు. జాగిలాలు తెచ్చారు, మురుగు కాలువల్లోకి కెమెరాలు పంపారు, పైనుంచి జీపీఆర్‌తో చూశారు. ఆమె దొరకలేదు. ఈలోగా యాభై మీటర్ల అవతల ఇంకో గుంత పడింది. ఆ వార్తల్లో జీపీఆర్ మాట విన్నప్పుడల్లా నా మనసు ముందుకు కాక వెనక్కి పోయేది. అదే బండిని అదే కాలిబాట మీద ఆర్నెల్ల ముందు తోసి ఉంటే?

మన ఇంటికి ఇంకా దగ్గరి కథ శ్రీశైలం ఎడమగట్టు కాలువ, అంటే ఎస్‌ఎల్‌బీసీ సొరంగం. 2025 ఫిబ్రవరి 22 ఉదయం నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర, లోపలికి 14 కిలోమీటర్ల దూరాన పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. పొట్టకూటికి ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు జీపీఆర్ తీసుకుని వెళ్లారు. తెర మీద కనబడ్డ చోట్లను గుర్తులు పెట్టి తవ్వితే సొరంగం తవ్వే యంత్రం తాలూకు ఇనుము బయటపడింది. చివరికి మొదటి మృతదేహం ఉన్న చోటికి దారి చూపింది కేరళ పోలీసులు తెచ్చిన కుక్కలు. మార్చి 9న ఒకరు, మార్చి 25న ఇంకొకరు. ఆ అన్వేషణలో ఆరుగురు దొరకనే లేదు.

అప్పుడు చాలామంది అడిగారు నన్ను, రాడార్ విఫలమైందా అని. ఆ శాస్త్రవేత్తలు ఎలాంటి చోట నిలబడి పనిచేశారో ఊహించగలను కాబట్టి ఆ మాట నాకు గుచ్చుకుంది. పైనుంచి నీళ్లు కారుతున్నాయి, మోకాలి లోతు బురద, ముక్కలైన సొరంగ యంత్రం ఇనుమంతా దానిలో కూరుకుపోయింది. తడి బురద తరంగాన్ని తాగేస్తుంది. ఇనుము తన మీద పడ్డ తరంగాన్నంతా తిప్పికొడుతుంది. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే, చుట్టూ ఉన్న బురద కూడా నీరే. రెంటికీ తేడా లేనప్పుడు ప్రతిధ్వని ఎక్కణ్ణుంచి వస్తుంది? రాడార్ అబద్ధం చెప్పలేదు. ఇక్కడ ఏదో ఉంది అని చెప్పింది, నిజంగానే ఏదో ఉంది. అది ఏమిటన్నది మాత్రం రాడార్ చెప్పదు. ఎప్పుడూ చెప్పదు.

మీ శాఖలో టెండర్లు రాసేవాళ్లకు ఈ ఒక్క ముక్క బాగా అర్థం కావాలని నా ఆశ. కనిపెట్టడం వేరు, గుర్తుపట్టడం వేరు. మొదటిది యంత్రం చేస్తుంది, రెండోది మనిషి చేస్తాడు. ఖాళీ గొయ్యి ఉంటే ప్రతిధ్వని తిరగబడి వస్తుంది, అంటే తెల్లగీత పడాల్సిన చోట నల్లగీత, నల్లగీత పడాల్సిన చోట తెల్లగీత పడతాయి. పైపుకు తిన్నగా పక్కపక్క గీతల్లో వరసగా గొడుగులు పడతాయి, బండరాయికి ఒకటీ రెండు పడి ఆగిపోతాయి. చెట్టు వేరు మెలికలు తిరుగుతుంది. నీళ్లున్న ప్లాస్టిక్ పైపు కనపడుతుంది, అదే పైపు పొడి నేలలో ఖాళీగా ఉంటే పలచగా, అనుమానంగా ఉంటుంది. ఇనుప చువ్వలు దగ్గరదగ్గరగా పరిచిన కాంక్రీటు రోడ్డయితే ఆ చువ్వలే తెర నిండా గొడుగులై కిందిదాన్ని కప్పేస్తాయి. ఇవన్నీ చదవడానికి కన్ను కావాలి, ఆ కన్ను రావడానికి ఏళ్లు పడతాయి. నేను చూసిన ఎస్టిమేట్లలో మాత్రం కిలోమీటరుకు ఇంత అని బండి తోసినందుకు రేటు ఉంటుంది. చదివినందుకు పైసా ఉండదు. దాంతో ఏమవుతుందంటే, తక్కువకు కోట్ చేసినవాడు రాత్రికి ఐదు కిలోమీటర్లు తోసి, తెల్లారి రిపోర్టు ముద్రించి ఇస్తాడు.

నేల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఒకే షరతుతో రాష్ట్రమంతటికీ టెండర్ పిలుస్తారు. హైదరాబాద్ అదృష్టం దాని గ్రానైట్, మొరం. అటువంటి నేలలో 400 మెగాహెర్ట్జ్ పెట్టెతో రెండు, అనుకూలిస్తే మూడు మీటర్ల లోతు వరకు బాగా కనపడుతుంది. అదే బండిని ఆదిలాబాద్ నల్లరేగడిలోకి తీసుకెళ్లండి. వానాకాలమైతే అరమీటరు దాటాక తెర బూడిద పూసినట్టు అయిపోతుంది. నల్లరేగడి బంకమట్టి నీళ్లను పట్టి ఉంచుతుంది, ఆ తడిలో విద్యుత్తు తేలిగ్గా పారుతుంది, తరంగం వేడిగా మారి అక్కడే ఆరిపోతుంది. పెట్టె మార్చి తక్కువ పౌనఃపున్యంతో లోతుకు పోవచ్చు, కాని అప్పుడు సన్న పైపులు కనపడవు. లోతు కావాలంటే స్పష్టత వదులుకోవాలి, స్పష్టత కావాలంటే లోతు వదులుకోవాలి. నల్లనేలల్లో ఈ సర్వేను వేసవిలో పెట్టాలని, కేబుళ్లకూ ఇనుప పైపులకూ విద్యుదయస్కాంత లొకేటరు తప్పనిసరి చేయాలని, అయినా అనుమానం తీరని చోట చేత్తో పరీక్షగుంత తవ్వి కళ్లతో చూడాలని ఒక్క పేరా చేర్చడానికి ఎంత కష్టం?

ఇలా ఎంతవరకు తెలుసో, ఎలా తెలుసో రాసిపెట్టే పద్ధతి బయట ఇరవై ఏళ్లుగా ఉంది. అమెరికా సివిల్ ఇంజినీర్ల సంఘం 2002లో ఒక ప్రమాణం తెచ్చింది, 2022లో దాన్ని సవరించింది. మ్యాపు మీద గీసిన ప్రతి పైపు పక్కనా నాలుగు మెట్లలో ఏదో ఒకటి రాయాలి. పాత కాగితాలు చూసి గీశామా, పైన కనపడే మ్యాన్‌హోళ్లూ వాల్వులూ చూసి గీశామా, రాడార్, లొకేటరు పెట్టి కనుక్కున్నామా, గుంత తవ్వి పైపును కళ్లారా చూశామా. మన మ్యాపుల్లో ఈ తేడా లేదు. ఎవరో గుర్తుమీద గీసిన గీతా, తవ్వి కొలిచిన గీతా ఒకే మందంలో, ఒకే రంగులో ఉంటాయి. జేసీబీ నడిపేవాడు రెంటినీ ఒకేలా నమ్ముతాడు, లేదా రెంటినీ నమ్మడు.

ఖర్చు గురించి మీ ఆర్థిక విభాగం అడుగుతుంది. అదే అమెరికాలో రహదారుల శాఖ కోసం పర్డ్యూ విశ్వవిద్యాలయం 71 ప్రాజెక్టులు పరిశీలించి, తవ్వకముందు ఇలా చూడటానికి పెట్టిన ప్రతి డాలరుకు 4.62 డాలర్లు మిగిలాయని లెక్క తేల్చింది. మన దగ్గర, ఒక సంస్థ తవ్వకంలో ఇంకో సంస్థ కేబుళ్లు తెగి ఏటా దేశానికి సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టం వస్తోందని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. ఆ కారణంగానే 2023 మార్చి 22న ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ అనే యాప్‌ను ప్రధానమంత్రి ప్రారంభించారు. తవ్వబోయేవాడు యాప్‌లో చెబితే, కింద ఆస్తులున్న సంస్థలకు కబురు వెళ్తుంది. మంచి ఆలోచన, నేను దాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కాని కబురు అందిన సంస్థకు తన పైపు ఎక్కడుందో తెలిస్తే కదా చెప్పడానికి.

ఇన్నాళ్లూ అది తెలిసిన మనుషులు ఉండేవారు. ఒక బస్తీలో లైన్‌మన్‌తో నేను నాలుగు రాత్రులు పనిచేశాను. మేం బండి దించకముందే ఆయన చెప్పుతో రోడ్డు మీద గీత గీసేవాడు. “వేపచెట్టు మొదలు నుంచి పద్నాలుగు అడుగులు, సార్. అక్కడ వాల్వు ఉంది, మీద తారు పోసేశారు.” బండి తోస్తే గొడుగు సరిగ్గా ఆయన గీత మీద పడేది. ఒక్కసారే ఆయన తడబడ్డాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ వీధిలో వేపచెట్లు కొట్టేశారు. చెట్టు ఉండిన చోటు ఎక్కడో తేల్చుకోలేక, ఒక మూతబడ్డ దుకాణం షట్టరు ముందు అటూ ఇటూ పది నిమిషాలు నడిచాడు. ఆ మరుసటేడు ఆయన రిటైరయ్యాడు. ఆయన తలలో ఉన్న మ్యాపును ఎవరూ కాగితం మీద పెట్టించుకోలేదు. అలాంటివాళ్లు ఇంకా కొందరు డ్యూటీలో ఉన్నారు. దయచేసి వాళ్లను ఈ ఏడాదే మా రాడార్ బండ్ల వెంట పంపించండి.

ఇంకో పని రాడార్ కన్నా చవకైనది. ఏదైనా కొత్త పైపు వేసినప్పుడు గుంత రెండు గంటలో, ఒక పూటో తెరిచి ఉంటుంది. అప్పుడు పైపు అందరికీ కనపడుతుంది. దాని పాత ఇరుగుపొరుగు పైపులు కూడా కనపడతాయి. ఆ పూటలో ఒక మనిషి టేపుతో లోతు కొలిచి, జీపీఎస్‌తో చోటు నమోదు చేసి, ఫొటో తీస్తే, పదేళ్ల తరవాత నాలాంటివాడు అర్ధరాత్రి దాన్ని వెతకనక్కర్లేదు. ప్లాస్టిక్ పైపయితే దాని వెంట ఒక రాగి తీగ పరిస్తే చాలు, లొకేటరుకు దొరుకుతుంది. నేను రాడార్ మీద బతికేవాణ్ణి. అయినా చెబుతున్నాను, మట్టి కప్పకముందు తీసిన ఒక్క ఫొటో నా వంద గొడుగుల కన్నా నమ్మదగినది. ఆ ఫొటో, ఆ కొలతలు అప్‌లోడ్ చేయనిదే ఫైనల్ బిల్లు పాస్ చేయవద్దని ఒక ఉత్తర్వు ఇవ్వండి.

పైపులు వెతకడం ఒక ఎత్తు, రోడ్డు కింద ఏర్పడే ఖాళీలు ఇంకో ఎత్తు. 2022 డిసెంబరులో హైదరాబాద్ గోషామహల్‌లో చాక్నావాడి నాలా పైకప్పు కూలి, దాని మీద ఉన్న బండ్లు, దుకాణాలు లోపల పడ్డాయి. 2025 జనవరి 28న జపాన్‌లో యాషియో అనే పట్టణంలో కూడలి కుంగి లారీ లోపలికి పోయింది. కింద పది మీటర్ల లోతున మురుగు పైపు దెబ్బతిని, పైనున్న మట్టి కొద్దికొద్దిగా దానిలోకి జారి కొట్టుకుపోయింది. డ్రైవరు మృతదేహం బయటికి తీయడానికి మూడు నెలలు పట్టింది. జపాన్‌లో రాడార్ బిగించిన వాహనాలు రోడ్ల మీద తిరిగి ఖాళీలు వెతుకుతాయి. అలాంటి దేశంలోనూ ఇది జరిగింది. కారణం దాచకుండా చెబుతాను: పైనుంచి మా రాడార్‌కు పది మీటర్ల లోతున ఉన్న పైపు అందదు. పైపు దెబ్బతిన్నాక ఖాళీ పైకి పాకుతూ పాకుతూ ఆఖరి రెండు మీటర్లలోకి వస్తేనే కనపడుతుంది. కాబట్టి ఒకసారి చూసి ఫైలు మూస్తే లాభం లేదు. పాత పెద్ద మురుగు లైన్లూ కప్పిన నాలాలూ ఉన్న రోడ్లను ప్రతి వానాకాలానికి ముందొకసారి, తరవాతొకసారి చూడాలి, నిరుటి చిత్రాన్ని ఈ ఏటి చిత్రం పక్కన పెట్టాలి. లోపల కెమెరా పంపడం దీనికి జోడు.

శ్రీహరికోట నుంచి 2025 జులై 30న వెళ్లిన నైసార్ ఉపగ్రహం సంగతి ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, అంత ఎత్తు నుంచి మన పైపులు కనపడతాయా అని. కనపడవు. దాని రాడార్ పన్నెండు రోజులకొకసారి అదే చోటిని చూసి, నేల మట్టం ఏమాత్రం కుంగినా పట్టుకోగలదు. ఎక్కడ నేల నెమ్మదిగా దిగుతోందో పైనుంచి తెలిస్తే, మా బండ్లు ముందు ఎక్కడికి పోవాలో తెలుస్తుంది. ఆ సమాచారం చదవగలిగే నిపుణులు బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంలో, మీ కార్యాలయానికి గంట దూరంలో ఉన్నారు. ఎన్‌జీఆర్‌ఐ ఉప్పల్ రోడ్డులో ఉంది. ఈ విషయంలో హైదరాబాద్‌కున్న వసతి దేశంలో చాలా నగరాలకు లేదు.

ఎస్‌ఎల్‌బీసీ దగ్గర కూడా, ముందు పైనుంచి చూడటం అనే ఆ వరసే మొదలైంది. 2025 నవంబరులో ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు హెలికాప్టర్‌కు పెద్ద వలయాన్ని వేలాడదీసి, మిగిలిన సొరంగం దారి పొడవునా నేల లోపలి పొరలను విద్యుదయస్కాంత పద్ధతిలో పరిశీలించారు. ముఖ్యమంత్రిగారే దగ్గరుండి చూశారు. తవ్వకముందు చూడాలన్న ఆలోచన ప్రభుత్వానికి ఉందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అడవి కింద సొరంగానికి చేసింది, అడుగడుగునా మనుషులున్న వీధికీ చేయమంటున్నాను.

కంప్యూటరే గొడుగులను గుర్తుపడుతుంది, ఇక మీలాంటివాళ్ల కన్ను ఎందుకు అని కుర్ర ఇంజినీర్లు నాతో వాదిస్తారు. ఆ ప్రోగ్రాములు వాడి చూశాను. శుభ్రమైన నేలలో బాగానే పట్టుకుంటాయి. మన సందుల్లో, ఒకదాని మీద ఒకటి పడ్డ పైపులు, ఇటుక ముక్కలు, పాత పునాదులు, నానిన మట్టి మధ్య తికమకపడతాయి. ఎందుకంటే వాటికి నేర్పిన చిత్రాలు మన నేలవి కావు. మన నేల చిత్రాలు, పక్కన తవ్వి చూస్తే ఏం దొరికిందో జవాబుతో సహా, వేలకొద్దీ ఇస్తే అవీ నేర్చుకుంటాయి. ఆ చిత్రాలు లేవా అంటే ఉన్నాయి. ఇన్నేళ్లలో ఈ నగరంలో నాలాంటివాళ్లు తీసినవన్నీ కాంట్రాక్టర్ల పెన్‌డ్రైవుల్లో, మూతబడ్డ ఆఫీసుల కంప్యూటర్లలో ఉన్నాయి. ఏటా కొన్ని పోతున్నాయి. టెండరులో పీడీఎఫ్ రిపోర్టు అడుగుతారు తప్ప అసలు డేటా ఎవరూ అడగరు. రిపోర్టులో నేను గీసిన గీత ఉంటుంది. నేను తప్పు గీశానో లేదో తేల్చేది అసలు డేటానే. అది నగరానిది కావాలి.

నా దగ్గర ఇంట్లో బీరువాలో ఐదు హార్డ్‌డిస్కులు ఉన్నాయి. పందొమ్మిదేళ్లలో నేను తోసిన ప్రతి గీత వాటిలో ఉంది. పట్టణాల పేర్లు, తేదీలు, ఆ రోజు నేల తడిగా ఉందా పొడిగా ఉందా, తరవాత తవ్వినప్పుడు ఏం దొరికింది, నేను ఎక్కడ పొరపడ్డాను, అన్నీ నోటుపుస్తకాల్లో రాసుకున్నాను. ఆ పన్నెండడుగుల సందు కూడా ఉంది. అన్నీ ప్రజల డబ్బుతో జరిగిన సర్వేలే. పని అప్పగించిన సంస్థల అనుమతి కావాలంటే మీ శాఖ ఒక ఉత్తరం రాస్తే చాలు. ఒక డిస్కు ఇప్పటికే ఆగి ఆగి తిరుగుతోంది. పెట్టె సర్దుకుని నేనే తెచ్చి ఇస్తాను. సచివాలయంలో ఏ అంతస్తుకు రావాలో, ఎవరి చేతికి ఇవ్వాలో చెప్పండి.

ఇట్లు,
ఒక జీపీఆర్ సర్వేయరు,
హైదరాబాద్